కంచం ముచ్చట్లు – 7: నేరం రుచిది కాదు

పోయిన వారం హాస్టల్ నుంచి ఒక చెల్లె ఫోన్ చేసింది. "అక్కా, ఇంటికి పోయినప్పుడల్లా బరువు పెరుగుతున్న. అమ్మ కూర చేస్తే ఆగలేను. ఇంక చప్పిడి తిండే తినాలనుకుంటున్న, ఏమంటవ్?"

ముందు నవ్వొచ్చింది. తర్వాత పదేళ్ల కిందటి నేను గుర్తొచ్చిన. ఇట్లనే ఒక డైట్ కౌన్సెలర్ ముందు కూర్చున్న. ఇంట్ల ఏం తింటారని అడిగింది. జొన్నరొట్టె, గోంగూర, బోటి, ఎండు తునకలు అని చెప్పుకుంట పోతే తునకల దగ్గర ఆమె పెన్ను ఆగింది. "అవన్నీ పూర్తిగా మానేయాలి" అన్నది. ఎంత తింటవ్, నెలకు ఎన్నిసార్లు తింటవ్ అని మాత్రం అడగలేదు. చేతిల ఒక ప్రింటు కాగితం పెట్టింది. పొద్దున ఓట్స్, పగటికి రెండు పుల్కాలు, రాత్రికి సూపు, కీరా ముక్కలు.

మూడు నెలలు ఆ కాగితం ప్రకారం బతికిన. బతికిన అంటే పగలు బతికిన. రాత్రి పదకొండు గంటలకు వంటింట్ల లైటు కూడా వేయకుండ నిలబడి బిస్కెట్ ప్యాకెట్ ఖాళీ చేసేదాన్ని. నా నాలుకకు బుద్ధి లేదని నన్ను నేనే తిట్టుకున్న. అప్పుడు నాకు గ్రెలిన్ అనే పేరు తెల్వదు.

గ్రెలిన్ ఎక్కువగా మన పొట్టలో తయారయ్యే హార్మోను. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు దాన్ని గుర్తించిన్రు. బువ్వ వేళకు అది రక్తంలో పెరుగుతది, మెదడుకు ఆకలి కబురు చెప్తది. తిన్నంక తగ్గుతది. పొట్టలో ఎంత పడ్డదో చూసుకొని తగ్గుతదని మనం అనుకుంటం. కానీ 2011లో ఆలియా క్రమ్, ఆమె తోటి పరిశోధకులు అమెరికాల ఒక తమాషా ప్రయోగం అచ్చేసిన్రు. 46 మందికి వారం తేడాతో రెండుసార్లు మిల్క్‌షేక్ ఇచ్చిన్రు. రెండుసార్లూ అదే షేక్, 380 కేలరీలు. లేబుల్ మాత్రం వేరు. ఒకసారి '620 కేలరీలు, వెన్నమీగడల విందు' అన్నట్టు రాసిన్రు. ఇంకోసారి '140 కేలరీలు, కొవ్వు లేదు, తప్పు చేసినట్టు అనిపించదు' అన్న తీరుగ రాసిన్రు. విందు అనుకొని తాగినప్పుడు వాళ్ల గ్రెలిన్ బాగా పడిపోయింది. పథ్యం అనుకొని తాగినప్పుడు పెద్దగా కదల్లేదు.

ఇది చిన్న ప్రయోగం. దీన్నిబట్టి ఎవరి బరువో తగ్గుతదని నేను చెప్పను. కానీ నా బిస్కెట్ ప్యాకెట్ రహస్యం నాకు ఇక్కడ కొంత దొరికింది. ఓట్స్ గిన్నె ముందట కూర్చున్న ప్రతిసారీ "ఇది శిక్ష" అనుకుంటనే తిన్న. నా పొట్ట కూడా ఆ మాట విన్నట్టుంది.

ఇప్పుడు అసలు ముచ్చట. ఆ షేక్ మీద లేబుల్ పరిశోధకులు అంటించిన్రు. మన టిఫిన్ డబ్బా మీద లేబుల్ ఎవరు అంటించిన్రు? బడిల నేను మూతను అడ్డం పెట్టుకొని తినేదాన్ని. పక్క పిల్ల మొహం తిప్పుకోకముందే, వాసన లేవకముందే అయిపోవాలె. ఐదు నిమిషాలల్ల డబ్బా ఖాళీ. ఏం తిన్ననో నాలుకకు తెలిసేది కాదు. తర్వాత హాస్టల్ల భయం ఇంకో తీరు. లైన్ల వెనకబడితే కూర అడుగంటుతది, నీళ్లచారే మిగులుతది. అక్కడా ఉరుకులాటనే. నాకు ఇప్పటికీ నలుగురిలో అందరికంటే ముందు నా కంచమే ఖాళీ అవుతది. ఆత్రం అంటరు కొందరు. ఆ ఆత్రాన్ని నేను ఎక్కడ నేర్చుకున్ననో వాళ్లకు తెల్వదు.

ఉరుకులాటకు శరీరం లెక్క కడుతది. పేగుల నుంచి "చాలు" అని చెప్పే హార్మోన్లు వస్తయి, పీవైవై అందులో ఒకటి. అవి పైకెక్కడానికి కొంత టైం కావాలె. ఆ లోపలే కంచం అయిపోతే "చాలు" అనే మాట ఆలస్యంగా వస్తది.

"అక్కా, రుచిగుంటే ఇంకా తినబుద్ధి అయితది గదా" అంటారు. అయితది, అబద్ధం చెప్పను. 2012లో ఇటలీ పరిశోధకులు కడుపునిండిన ఎనిమిది మందికి వాళ్లకు బాగా ఇష్టమైన తిండి పెడితే గ్రెలిన్ పెరిగింది. అంతే కేలరీల ఇష్టంలేని తిండి పెడితే పెరగలేదు. అంటే నిండిన కడుపు మీద ఇష్టం కొత్త ఆకలిని పుట్టించగలదు. పెండ్లి భోజనం తర్వాత గూడ మిఠాయికి చోటు దొరికేది అందుకేనేమో.

కానీ 2019లో కెవిన్ హాల్ బృందం చేసిన పని కూడ చూడుండ్రి. 20 మందిని అమెరికాల ఒక ప్రభుత్వ పరిశోధనా కేంద్రంలనే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీల తయారైన ప్యాకెట్ తిండి, రెండు వారాలు మామూలు వంట పెట్టిన్రు. ముందట పెట్టిన కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు దాదాపు సమానం. ఎంత కావాలంటే అంత తినొచ్చు. ప్యాకెట్ తిండి ఉన్న రోజులల్ల ఒక్కొక్కరు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నరు. రెండు వారాలల్ల సుమారు కిలో బరువు పెరిగిన్రు. మామూలు వంట తిన్నప్పుడు దాదాపు అంతే తగ్గిన్రు, పీవైవై పెరిగింది. మరి ప్యాకెట్ తిండి రుచి ఎక్కువనా? అడిగితే రెండూ ఒకే తీరు రుచిగున్నయన్నరు. తేడా ఇంకో చోట కనపడ్డది. ప్యాకెట్ తిండిని వాళ్లు ఎక్కువ వేగంగ తిన్నరు.

చెల్లే, నీ అమ్మ కూర మీద కేసు ఇక్కడనే సగం కొట్టుడుపోయింది. బొక్కలున్న కూర, జొన్నరొట్టె ఎవరూ రెండు నిమిషాలల్ల మింగలేరు. నమలాలె, చీకాలె, నడుమల ముచ్చట పెట్టాలె. షుగరో బీపీనో ఉంటే డాక్టర్ మాట వినాల్సిందే, ఉప్పూ నూనే తగ్గించాల్సిందే. కానీ డాక్టర్‌కు నీ ఇంటి తిండి పేరు దాచకుండ చెప్పు. దాస్తే ఆయన రాసేది ఇంకొకరి కంచానికి రాస్తడు.

హాస్టల్ మిత్రులకు ఒక మాట. 2024లో తెలంగాణల డైట్ ఛార్జీలు 40 శాతం పెంచిన్రు. ఎనిమిది నుంచి పదో తరగతి పిల్లలకు నెలకు 1,100 ఉన్నది 1,540 అయింది. రోజుకు యాభై ఒక్క రూపాయి. దాని కోసం కొట్లాడినోళ్లకు దండం. ఇంకా పెరగాలె, కొట్లాడుదాం. కానీ మన వినతిపత్రాలల్ల కూడ గ్రాములే ఉంటయి: పప్పు ఇన్ని గ్రాములు, గుడ్డు ఇన్ని రోజులు. కూర్చొని తినే జాగ, తినేంత టైం, చివరి పిల్లకు కూడ అదే కూర అని ఎందుకు రాయం? రుచి అడిగితే మనల్ని తిండిపోతులంటరని లోపల ఒక భయం ఉన్నది. "పెట్టిందే ఎక్కువ" అనే మాట మనం చిన్నప్పటి నుంచి విన్నం గదా. మెస్ కమిటీల ఉన్నోళ్లు ఈసారి ఆ మూడూ రాయండి.

నా బరువెంత తగ్గిందని అడగకండి. కాగితం చింపేసినంక పెద్దగా తగ్గలేదు, పెరగడం ఆగింది. బిస్కెట్ ప్యాకెట్ మాత్రం పోయింది.

మొన్న ఆదివారం ఊరికి పోయిన. అమ్మ తునకలు వేయించి గోంగూరల వేసింది. "మెల్లగ తిను బిడ్డా, గుంజుకపోయేటోళ్లు ఎవ్వరు లేరు" అన్నది. అందరికీ పెట్టినంక అడుగు గీకి పొయ్యి కాడ నిలబడి నాలుగు ముద్దలు మింగే మనిషి ఆమె. చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టిన, ముందు ఆమె కంచంలనే కూర వేసిన. నేను రెండో ముద్ద నములుతుండంగనే ఆమె కంచం ఖాళీ అయింది. లేవబోతుంటే కొంగు పట్టుకొని ఇంకో గంటెడు వేసిన. "ఇంత నాకెందుకే" అంటనే కూర్చున్నది.

జై భీమ్. వచ్చే ముచ్చట్లల్ల బోటి శుభ్రం చేసే పని గురించి, ఆ పని ఇంట్ల ఎవరు చేస్తరనే దాని గురించి.