మందుల దుకాణంలో దొరికే క్రీము, గజ్జల్లో ముదిరే తామర

పుదుచ్చేరి ఉక్కపోత అక్కడివారికి కొత్త కాదు. సముద్రం పక్క ఊరు, చెమట ఓ పట్టాన ఆరదు. హోటళ్ల వంటగదుల్లో నిలబడేవారికి, రోజంతా బండి మీద తిరిగేవారికి, బిగుతు జీన్సు వదలని కుర్రాళ్లకు గజ్జల్లో దురద రావడంలో వింతేమీ లేదు. వింతంతా ఆ తర్వాతే. జ్వరమొస్తే డాక్టరు దగ్గరకు వెళ్లే మగవాడు ఈ దురదకు మాత్రం మందుల దుకాణంలో జనం పలచబడేదాకా ఆగి, గొంతు తగ్గించి ‘దురదకు ఏదైనా క్రీము’ అని అడుగుతాడు. ఎక్కడ, ఎన్నాళ్లుగా అని అవతలివారు అడగరు. అడిగినా ఇతను చెప్పడు. చేతికొచ్చే ట్యూబులో తరచుగా మూడు నాలుగు మందులు కలిసి ఉంటాయి: ఒక ఫంగస్ మందు, ఒకటో రెండో యాంటీబయాటిక్‌లు, వాటితోపాటు క్లోబెటసాల్ లాంటి బలమైన స్టెరాయిడ్.

అసలు చిక్కు ఆ స్టెరాయిడే. అది చర్మంలోని రోగనిరోధక స్పందనను అణచివేస్తుంది. ఎరుపు, దురద ఆ స్పందన వల్లే వస్తాయి కాబట్టి రెండు మూడు రోజుల్లో హాయిగా ఉంటుంది. ఫంగస్ మాత్రం అడ్డు లేక పాకుతుంది. క్రీము ఆపిన కొద్ది రోజులకే తామర తొడలకు, పిరుదులకు ఎక్కుతుంది. మళ్లీ అదే ట్యూబు. మామూలుగా వృషణాల సంచిని, పురుషాంగాన్ని పెద్దగా అంటని తామర, స్టెరాయిడ్ వాడినవారిలో అక్కడా కనిపిస్తోందని మన దేశపు చర్మవైద్యులు గమనించారు.

పైగా అక్కడి చర్మం చాలా పలుచన. 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ అనే పరిశోధకులు హైడ్రోకార్టిసోన్ శరీరంలో ఎక్కడ ఎంత ఇంకుతుందో కొలిచారు. ముంజేతితో పోలిస్తే వృషణాల సంచి చర్మం దాదాపు 42 రెట్లు ఎక్కువ పీల్చుకుంది. హైడ్రోకార్టిసోన్ బలహీనమైన స్టెరాయిడ్. క్లోబెటసాల్ దానికంటే ఎన్నో రెట్లు బలమైనది. నెలల తరబడి రాస్తే చర్మం ఇంకా పలచబడుతుంది, గజ్జల్లో శాశ్వతమైన చారలు పడతాయి. చివరికి క్రీము మానితే మంట, రాస్తే నష్టం అన్న స్థితి వస్తుంది.

ఇంతకీ ఆ దురద తామరే అని ఎవరు తేల్చారు? రాత్రిపూట ఎక్కువై, ఇంట్లో మిగతావారికీ ఉంటే అది గజ్జి కావచ్చు. దానికి పెర్మెత్రిన్ పూత, అదీ ఇంటిల్లిపాదికీ ఒకేసారి. ముందరి చర్మం కింద ఎరుపు, తెల్లటి పొర, చీలికలు ఉంటే కాండిడా కావచ్చు. అలాంటివారికి రక్తంలో చక్కెర పరీక్ష చేయించడం మంచిది. మధుమేహం బయటపడేది ఇలాగే అయినవారు ఉన్నారు. డాపాగ్లిఫ్లోజిన్ రకం షుగరు మాత్రలు చక్కెరను మూత్రంలోకి పంపుతాయి కనుక, అవి వాడేవారిలో ఈ సమస్య మరింత ఎక్కువ. మాత్రలు సొంతంగా ఆపకుండా డాక్టరుకు చెప్పాలి. కొందరికి ఏదో నొప్పి మాత్రో విరేచనాల మాత్రో వేసుకున్న ప్రతిసారీ అదే చోట నల్లటి మచ్చ మండుతూ లేస్తుంది. అది మందు పడకపోవడం. ఇక డెట్టాల్ లాంటి ద్రావణాలతో కడిగి కడిగి చర్మాన్ని తామే కాల్చుకునేవారూ ఉన్నారు. వారికి కావలసిన వైద్యం కడగడం తగ్గించడమే. ఇన్నింటికీ ఒకే ట్యూబు సరిపోతుందనుకోవడం వైద్యం కాదు, జూదం.

తేల్చుకోవడం కష్టమూ కాదు. పొట్టును కాస్త గీరి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి సూక్ష్మదర్శిని కింద చూస్తే ఫంగస్ పోగులు కనిపిస్తాయి. కాసేపట్లో అయ్యే పరీక్ష. పుదుచ్చేరివారికి గోరిమేడులో జిప్మర్ లాంటి జాతీయ సంస్థే ఉంది. అయితే ఆ విభాగం పేరులో చర్మవ్యాధులతో పాటు సుఖవ్యాధులూ ఉంటాయి, దేశంలో చాలా ఆసుపత్రుల్లోలాగే. ఆ బోర్డు కింద తెలిసినవారు ఎవరైనా చూస్తారేమోనన్న బెరుకును తేలిగ్గా తీసిపారేయలేం. మగవారి గజ్జల తామర సుఖవ్యాధి కాదని ఆసుపత్రి గోడల మీద పెద్ద అక్షరాలతో రాస్తే ఖర్చేమీ కాదు.

ఆలస్యానికి మూల్యం రోగి ఒక్కడే చెల్లించడం లేదు. భారత్, నేపాల్ రోగుల నుంచి తీసిన ఫంగస్‌కు 2020లో జపాన్ పరిశోధకులు ట్రైకోఫైటాన్ ఇండోటీనియే అని పేరు పెట్టారు. వాటిలో చాలా వాటికి టెర్బినాఫిన్ పనిచేయదు. 2023లో న్యూయార్క్‌లోనూ ఇది బయటపడింది. ఒకప్పుడు రెండు వారాల్లో తగ్గే తామరకు ఇప్పుడు ఇట్రాకొనజోల్ మాత్రలు నాలుగు వారాలు, కొన్నిసార్లు అంతకంటే చాలా ఎక్కువ కాలం వాడాల్సి వస్తోంది. మచ్చ మాయమైనా డాక్టరు చెప్పిన గడువు దాకా ఆపకూడదు. తువ్వాలు వేరుగా ఉండాలి, లోదుస్తులు తిరగేసి ఎండలో ఆరేయాలి, ఇంట్లో తామర ఉన్న అందరికీ కలిపి వైద్యం జరగాలి.

చట్టం లేదా అంటే ఉంది. 2018 మార్చిలో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూత మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదంది. అదే సెప్టెంబరులో 328 మిశ్రమ మందులను నిషేధించినప్పుడు ఇలాంటి క్రీములు కొన్ని అందులో ఉన్నాయి. అయినా చీటీ అడగని దుకాణాలు తక్కువేమీ కావు. రోగి సిగ్గును తప్పుపట్టే ముందు ఔషధ నియంత్రణ అధికారులు మామూలు కొనుగోలుదారుల్లా వెళ్లి, గొంతు తగ్గించి ఒక ట్యూబు అడిగి చూడాలి. పుదుచ్చేరిలోనే కాదు, అదే పాలనలో ఉన్న యానాంలోనూ.