పింఛను మీద ఇల్లు

పశ్చిమగోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని అంతా ‘మిలిటరీ మాధవరం’ అనే అంటారు. తరతరాలుగా సైన్యానికి మనుషుల్ని పంపిన ఊరది. అలాంటి ఊళ్లకు సిపాయిలు, హవల్దార్లు నలభై అటూ ఇటూ వయసుకే పెట్టె సర్దుకుని వచ్చేస్తారు. బంధువుల మొదటి ప్రశ్న ఒకటే... ‘ఇల్లెప్పుడు మొదలు పెడుతున్నావ్?’

చేతిలో డబ్బుంటుంది మరి. గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండ్, వీటికితోడు కమ్యుటేషన్. సైనికులు పింఛనులో సగం వరకూ ముందే ఏకమొత్తంగా తీసుకోవచ్చు. సివిల్ ఉద్యోగులకైతే 40 శాతమే. అలా తీసుకున్న భాగం మళ్లీ పింఛనులో కలిసేది పదిహేనేళ్లకు! ఆ డబ్బంతా గోడల్లో పోసి, చాలక బ్యాంకుకెళితే అక్కడ మేనేజరు చూసేది మిగిలిన పింఛనునే.

అసలు చిక్కు ఇల్లాలిది. చివరి జీతం 50,000 ఉన్న హవల్దారుకు పింఛను 25,000 అనుకుందాం. కరువు భత్యం, కమ్యుటేషన్ పక్కనపెడదాం. నలభయ్యో ఏట ఇరవయ్యేళ్ల అప్పు, నెలకు 12,000 వాయిదా. దురదృష్టవశాత్తూ ఆయన 48వ ఏట పోతే, భార్యకు ఏడేళ్లు అదే 25,000 వస్తుంది. (భర్తకు 67 నిండే తేదీ అంతకన్నా ముందొస్తే అప్పటివరకే.) ఆ తర్వాత చివరి జీతంలో 30 శాతం, అంటే 15,000. వాయిదాలు మాత్రం ఇంకా ఐదేళ్లు మిగిలే ఉంటాయి. వాయిదా పోగా ఆమె చేతిలో మిగిలేది 3,000, దానిపైన భత్యం.

అందుకే వాయిదాను భర్త పింఛనుతో కాదు, భార్యకొచ్చే పింఛనుతో కొలుచుకోవాలి. రుణానికి బీమా తీసుకోమని బ్యాంకులో చెబితే చాలామంది విసుక్కుంటారు. ఈ ఒక్కచోట విసుక్కోకూడదు. కాస్త ఊరట ఏమిటంటే, భర్త తీసుకున్న కమ్యుటేషన్ తాలూకు కోత కుటుంబ పింఛనులో ఉండదు.

ఇంకా యూనిఫాంలో ఉన్నవాళ్లకు దారులెక్కువ. ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్ ఫండ్ ఇంటికి అడ్వాన్సు ఇస్తుంది. స్టేట్ బ్యాంకులో ‘శౌర్య’ గృహరుణం ఉంది. ఫ్లాటు చాలనుకుంటే 1978లో ఏర్పడిన ఆర్మీ వెల్ఫేర్ హౌసింగ్ ఆర్గనైజేషన్ ఉంది. అందులో సైనికుల వితంతువులకూ అవకాశముంది. 2022లో వచ్చిన పథకం కింద చేరిన అగ్నివీరులకు నాలుగేళ్ల సర్వీసుకు పింఛను ఉండదు. పై లెక్కలేవీ వారికి వర్తించవు.

చాలామందికి తెలియని సాయం మరొకటుంది. యుద్ధంలో భర్తను కోల్పోయినవారు, యుద్ధంలో వికలాంగులైనవారు, శాంతికాలంలోనే అయినా విధి నిర్వహణ కారణంగా ప్రాణం పోయినవారి కుటుంబాలు ఇల్లు కట్టుకోవడానికి బ్యాంకు అప్పు చేస్తే, వడ్డీలో సగాన్ని కేంద్రీయ సైనిక్ బోర్డు తిరిగిస్తుంది. పరిమితి లక్ష రూపాయలు. మామూలుగా రిటైరైనవారికి ఇది రాదు. అర్హులైనవారు బ్యాంకు రుణం కాగితాలు, పింఛను ఉత్తర్వు పట్టుకుని ముందుగా జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లాలి.