గంజాయి: మందా, మత్తా?

తులసి వనంలో గంజాయి మొక్క అని మన నాయకులు ఒకరినొకరు దెప్పుకొనడం పరిపాటి. ఆ గంజాయి మొక్కకే తులసితో పాటు ఔషధ గౌరవం కల్పించాలన్న వాదన కొన్నేళ్లుగా రాజధానిలో బలంగా వినవస్తున్నది. వైద్య అవసరాలకు గంజాయిని అనుమతించే విషయం పరిశీలించవలసినదని 2017లో నాటి కేంద్రమంత్రి మేనకా గాంధీ సూచించారు. గంజాయి, నల్లమందు వంటి వాటిని ప్రభుత్వ నియంత్రణలో సరఫరా చేయాలంటూ పాటియాలా సభ్యుడు డాక్టర్ ధరంవీర్ గాంధీ 16వ లోక్‌సభ కాలంలో అనధికార బిల్లు ప్రతిపాదించారు. 2019లో వివాదం ఢిల్లీ హైకోర్టుకెక్కినది. 2020 డిసెంబరు 2న ఐక్యరాజ్య సమితి మాదకద్రవ్యాల కమిషన్ గంజాయిని అత్యంత కఠినమైన పట్టిక నుండి తొలగించింది. అనుకూలంగా పడిన 27 ఓట్లలో భారతదేశానిది ఒకటి. వ్యతిరేక ఓట్లు 25. అయినా గంజాయిపై అంతర్జాతీయ నియంత్రణ మాత్రం తొలగలేదు.

మందుగా వాడుకోనివ్వమనడం వేరు, మత్తుకు అనుమతి కోరడం వేరు. రాజధాని చర్చలలో ఈ రెండూ కలగాపులగమవుతున్నవి. పార్లమెంటు ఆమోదించగా 1985 నవంబరు 14న అమలులోకి వచ్చిన మాదకద్రవ్యాల చట్టం ఔషధాన్ని నిషేధించలేదు. వైద్య, శాస్త్రీయ ప్రయోజనాలకు 8వ సెక్షన్‌లోనే మినహాయింపు కలదు. జమ్మూలోని సి.ఎస్.ఐ.ఆర్. సంస్థ గంజాయి మొక్కలను పెంచి పరిశోధన సాగిస్తున్నది ఆ మినహాయింపు నీడలోనే. అదే చట్టం పూత, కాయలతో కూడిన కొసలను గంజాయిగా నిర్వచించి, కొసలు లేని విడి ఆకును వదలివేసినది. హోలీనాటి భంగు ఆ సందులోనే బతికి ఉన్నది. 'విజయ' అన్న ప్రాచీన నామంతో, ఆయుర్వేద లైసెన్సుపై ఆకు నుండి తీసిన తైలాలు నేడు పార్సెళ్లలో ఇళ్లకు చేరుతున్నదీ ఆ సందులోంచే.

మరి వైద్య వాదనలో నిజమెంత? కొంత ఉన్నది. 1839లోనే కలకత్తాలో ఒషానెస్సీ అనే వైద్యుడు ధనుర్వాతం, ఈడ్పుల రోగులపై గంజాయిని ప్రయోగించి ఫలితాలు ప్రకటించాడు. మనం చట్టం చేసిన 1985లోనే అమెరికా, కేన్సర్ చికిత్సలో వచ్చే వాంతులకు ఈ కోవకు చెందిన రెండు మందులను ఆమోదించినది. పిల్లలకు వచ్చే రెండు అరుదైన మూర్ఛ వ్యాధులకు గంజాయి మొక్క నుండి తీసిన మందుకు 2018లో అనుమతి లభించినది. వీటన్నిటిలోనూ మోతాదు నిర్ణీతం, వ్యాధి నిర్దిష్టం. చిలుం పీల్చితే మధుమేహం కుదురుతుందని, కేన్సర్ కరగిపోతుందని చెప్పేందుకు వీటిలో ఏదీ ఆధారం కాదు. అట్టి ప్రకటనలను నిషేధిస్తూ 1954లోనే పార్లమెంటు చట్టం చేసినది.

అంతమాత్రాన ప్రభుత్వ వైఖరి నిర్దోషమని భావించరాదు. మార్ఫిన్ కథను గుర్తు చేసుకొనక తప్పదు. నల్లమందును లైసెన్సుపై పండించే దేశం మనది. దాని నుండి తయారయ్యే మార్ఫిన్ కేన్సర్ రోగి బాధకు శరణ్యం. 1985 చట్టం దానినీ నిషేధించలేదు. కానీ రాష్ట్రానికొక నిబంధన, ఒకే సీసాకు పలు లైసెన్సులు, తప్పితే జైలన్న భయం కలిసి ఆసుపత్రులలో మార్ఫిన్ లేకుండా చేసినవి. తెలంగాణ బిల్లుపై సభలు అట్టుడికిన 2014 ఫిబ్రవరి సమావేశాలలోనే దీనికి సవరణ ఆమోదం పొందినది. మన పాఠకులలో ఎందరు దానిని గమనించారు? 29 ఏళ్లపాటు కేన్సర్ రోగులు భరించిన బాధకు మాత్రం సభలో జవాబుదారీ ఎవరూ లేరు.

ఇక మన గడప విషయం. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి వద్ద ఆంధ్రప్రదేశ్ పోలీసులు సుమారు 2 లక్షల కిలోల గంజాయిని తగులబెట్టారు. 20 కిలోలకు మించి పట్టుబడితే కనీస శిక్ష 10 ఏళ్లు, బెయిలు దుర్లభం. పట్టుబడేది తరచు మూట మోసిన గిరిజన కూలీ. పెట్టుబడి పెట్టిన ఆసామి తెర వెనుకనే. వైద్య అనుమతి వస్తే మన్యం పంట సక్రమమగునన్న ఆశ కొందరు కల్పిస్తున్నారు. అది వంచన. ఔషధానికి కావలసినది కట్టుదిట్టమైన క్షేత్రంలో, కొలిచిన గుణంతో పండిన మొక్క. ఏజెన్సీ కొండలలో మత్తు కోసం పెంచే శీలావతి రకం కాదు. మరోపక్క, ఘజియాబాద్‌లోని ఎయిమ్స్ మాదకద్రవ్య చికిత్సా కేంద్రం నిర్వహించి 2019లో వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం, భంగు, గంజాయి, చరస్‌ల వాడకం వల్ల చికిత్స, సహాయం అవసరమైనవారు 72 లక్షల మంది.

కనుక పార్లమెంటు చేయవలసిన పని స్పష్టం. విజయ తైలాలకు కూడ రోగులపై పరీక్షల నిరూపణ కోరాలి. నిరూపితమైన మందు రోగికి చేరడంలో మార్ఫిన్ నాటి జాప్యం పునరావృతం కారాదు. మోత కూలీకి, వ్యాపారికి శిక్షలో భేదం పాటించాలి. ఈ మూడింటికీ పురాణ ప్రమాణాలు అక్కరలేదు, పోలీసు భయమూ అక్కరలేదు. ఒక పూట సావధానంగా చర్చించే ఓపిక ఉభయ సభలకు ఉంటే చాలు. ఆ ఓపికే ఇటీవలి సమావేశాలలో కరవైనది.