చీనీ రేటు అడిగితే చక్కెర రేటు చెప్పింది

మినీ ప్రాజెక్టు కోసం మేం ముగ్గురం కలిసి ఒక వెబ్ యాప్ చేసినాం. నాది పులివెందుల, ఒకడిది ప్రొద్దుటూరు, ఇంకొకడిది జమ్మలమడుగు. రైతు పంట పేరు కొడితే చాలు, సెర్చ్ ఇంజిన్ నుంచి అప్పటికప్పుడు ధరలు, వార్తలు తెచ్చి చూపించాల. ఏపీఐ కీ తీసుకోవడం, రిక్వెస్ట్ పంపడం, వచ్చిన జేసన్‌ని పేజీలో పరచడం ఒక్క రాత్రిలో అయిపోయింది. ఇంతేనా అనుకున్నాం.

సెలవులకు ఊరికి పోయి మా మామకు చూపించినా. ఆయనకు చీనీ తోట ఉంది. ‘చీనీ ధర’ అని కొట్టినాడు. పైన చక్కెర రేట్లు, కింద చైనా వార్తలు! హిందీలో చీనీ అంటే చక్కెర కదా. "నేను చక్కెర ఎప్పుడు అడిగితిని రా అల్లుడూ?" అన్నాడు. అందరూ నవ్వినారు, నాకు మాత్రం నవ్వు రాలేదు.

సరే, భాష తెలుగు అని చెప్పేద్దాం అని గూగుల్ కస్టమ్ సెర్చ్ ఏపీఐ డాక్యుమెంటేషన్ తెరిచినాం. ఫలితాలను ఒక భాషకే పరిమితం చేసే పారామీటర్ ఉంది. దాని జాబితాలో ఐస్‌లాండిక్ ఉంది. సుమారు 4 లక్షల జనాభా ఉన్న దేశం భాష అది. 2011 లెక్కల ప్రకారం మన దేశంలోనే 8 కోట్ల మందికి పైగా మాట్లాడే తెలుగు మాత్రం లేదు. తెలుగు లిపిలో అడిగితే తెలుగు పేజీలు వస్తాయి, కాదనను. కానీ ‘బత్తాయి’ అని రాసినవాళ్ల పేజీలు వస్తాయి, ‘చీనీ’ అనేవాళ్లవి తక్కువ. ఎందుకంటే మనం రాసింది తక్కువ.

ఇంకో తప్పు పూర్తిగా మాదే. అక్షరం కొట్టినప్పుడల్లా ఒక రిక్వెస్ట్ పోయేట్టు రాసినాం. అప్పట్లో రోజుకు 100 ఉచితం. రివ్యూ రోజు పది గంటలకే కోటా ఖతం, సార్ ముందర తెరంతా ఎర్రర్. టైపింగ్ ఆగినాక ఒక్కసారి అడగడం, తెచ్చిన జవాబును కాసేపు దాచుకోవడం, కీని బ్రౌజర్‌లో కాకుండా సర్వర్‌లో పెట్టడం ఆ దెబ్బతో నేర్చుకున్నాం.

అయితే నేను చెప్పదల్చుకున్నది కోడ్ గురించి కాదు. సెర్చ్ ఇంజిన్ ధర చెప్పదు. ధర గురించి ఎవరో రాసిన పేజీని చూపిస్తుంది. అది పోయినేడాది పేజీ కూడా కావచ్చు. దాన్ని ‘లైవ్’ అని పైన రాసి రైతు చేతికిస్తే, తోట మీదికి వచ్చిన వ్యాపారితో ఆయన ఆ అంకె పట్టుకునే బేరమాడతాడు. నష్టం మన మార్కులకు కాదు, ఆయన టన్నుకు.

అందుకే ధరలను ప్రభుత్వ డేటా పోర్టల్‌లో ఉన్న మార్కెట్ ధరల ఏపీఐ నుంచి తెచ్చి, పక్కన తేదీ, మార్కెట్ పేరు పెట్టినాం. సెర్చ్‌ను వార్తలకే ఉంచినాం. అక్కడ చీనీ పేరు మోసంబి! దాంతో ముగ్గురం కూర్చుని ఒక మాటల పట్టిక రాసినాం. చీనీ అంటే బత్తాయి, మోసంబి. జమ్మలమడుగు వాడు శనక్కాయలు రాసి, ఎదురుగా వేరుశనగ, పల్లీలు అని పెట్టినాడు. ప్రొద్దుటూరు వాడు బొరుగులు అంటే మరమరాలు అన్నాడు. అది పంట కాదురా అంటే వినలేదు, ఉండనీ అని వదిలేసినాం.

యాప్ మొత్తంలో ఏ లైబ్రరీలోనూ దొరకనిది ఆ పట్టికే. జూనియర్లూ, ఏపీఐ ఎవరైనా తగిలిస్తారు. మీ ఊరి మాట మీరే ఎక్కించాల. కోడ్ మొదలుపెట్టే ముందు ఒకసారి ఇంటికి ఫోన్ చేసి అడగండి, "దీన్ని మనం ఏమంటాం?" అని.

పోయిన వారం మామ మళ్లీ ‘చీనీ’ అని కొట్టినాడు. రేటు వచ్చింది, తేదీతో సహా. "ఇంత తక్కువా!" అని తిట్టినాడు. ఈసారి మాత్రం తిట్లు నాకు కాదు, మార్కెట్‌కు.