కుటుంబం పేరుతో కొనే డీజిల్ బలం

బలమైన డీజిల్ ఇంజను గల పెద్ద కారును కొన్నవారిని కారణమడిగితే, వేగం కోసమని చెప్పేవారు తక్కువ. "పిల్లలున్నారు కదా, సామాను ఉంటుంది, దూర ప్రయాణాలుంటాయి, పెద్ద కారయితే భద్రంగా ఉంటుంది" అంటారు. అనగా కొన్నది తమ సరదా కోసం కాదు, కుటుంబం కోసం. నా పేచీ ఈ సమాధానంతోనే. సరదా కోసం కొన్నామంటే అందులో కొంత నిజాయితీ ఉంది. పిల్లల క్షేమాన్ని సాక్ష్యానికి పిలిచినపుడు మాత్రం, ఆ పిల్లల ఊపిరితిత్తుల పక్షాన మాట్లాడవలసిన బాధ్యత వైద్యుడికి వస్తుంది. ఊరిలోపల రోజువారీ తిరుగుడుకు బలమైన డీజిల్ కారు కుటుంబ వాహనం కాదు. అందులోనూ పాతదయితే అది కుటుంబానికి ఎదురు తిరిగిన వాహనం.

ఈ వాహనానికి పుట్టిల్లు ఐరోపా. అక్కడ దాని పూర్ణరూపం ఎస్టేట్ కారు. మామూలు కారు పైకప్పును వెనుక చివరిదాకా సాగదీసి, డిక్కీని లోపలి గదిలో కలిపివేస్తే వచ్చే ఆకారమది. అమెరికాలో దానినే స్టేషన్ వ్యాగన్ అంటారు. మన దేశంలో 1990లలో టాటా ఎస్టేట్ అనే డీజిల్ కారు కొంతకాలం తిరిగింది కాని, ఎందుచేతనో ఆ ఆకారం మనవారికి రుచించలేదు. జర్మనీ, బ్రిటన్‌లలో మాత్రం కాస్త కలిగిన కుటుంబాలకు అది హోదా. ఆడీ, బీఎండబ్ల్యూ, మెర్సిడెస్ వంటి సంస్థలు ఈ కార్లలో మూడు లీటర్ల, ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజన్లు అమర్చి, 250 అశ్వశక్తికి పైబడిన బలంతో అమ్మాయి. అయిదుగురు మనుషులను, వారి సామానును, వెనుక ఒక కుక్కను ఎక్కించుకుని గంటకు 200 కిలోమీటర్ల వేగంతో పోతూ కూడా ఇంధనాన్ని పొదుపుగా వాడే యంత్రమది. యంత్రంగా అది మెచ్చదగినదే, కాదనను.

ఇది ఇంటింటికీ చేరడానికి కారణం ప్రభుత్వాల పన్నులు. బ్రిటన్‌లో 2001 మార్చి నుండి కొత్త కార్ల వార్షిక పన్నును అవి వదిలే బొగ్గుపులుసు వాయువును బట్టి నిర్ణయించడం మొదలుపెట్టారు. అదే దూరానికి డీజిల్ ఇంజను పెట్రోలు ఇంజను కంటే ఆ వాయువును తక్కువగా వదులుతుంది. కనుక డీజిల్ కారుకు పన్ను తగ్గింది, కొనుగోలు పెరిగింది. 2000లో అక్కడ అమ్ముడుపోయిన కొత్త కార్లలో డీజిల్‌వి సుమారు ఏడింట ఒక పాలు. 2010 తరువాత కొన్నేళ్ళపాటు అవి సగం దరిదాపుల్లో ఉన్నాయి. అయితే డీజిల్ ఇంజనులో గాలి ఎక్కువ, పీడనం ఎక్కువ, వేడి ఎక్కువ. ఆ వేడిలో గాలిలోని నత్రజని, ప్రాణవాయువు కలిసి నైట్రోజన్ ఆక్సైడులుగా మారతాయి. వాటికి తోడు మసి. పన్ను వేసినవారు ఒక వాయువును కొలిచి రెండవదానిని విడిచిపెట్టారు. జ్వరం తగ్గిందని రోగిని ఇంటికి పంపి, మూత్రపిండాల సంగతి చూడని వైద్యం వంటిదిది.

ఆ విడిచిపెట్టిన దాని సంగతి కొంత వివరంగా చెప్పాలి. గంధకపు పొగ పీల్చితే ముక్కు మండుతుంది, దగ్గు వస్తుంది, మనిషి దూరంగా జరుగుతాడు. ఆ వాయువు నీటిలో తేలికగా కరుగుతుంది కనుక ముక్కు, గొంతుల తడిలోనే చాలావరకు ఆగిపోయి మనను హెచ్చరిస్తుంది. నైట్రోజన్ డయాక్సైడ్ నీటిలో అంతగా కరగదు. అందుచేత అది పైనాళాలలో ఆగక, సన్నని శ్వాసనాళికల చివరి వరకు, గాలితిత్తుల వరకు దిగిపోతుంది. రోడ్డు మీద ఉండే మోతాదులో మంట పుట్టదు, కాని నాళికల లోపలి పొర వాస్తుంది. ఉబ్బసం ఉన్న పిల్లవాడికి ఆ రాత్రి పిల్లికూతలు మొదలయితే, సాయంత్రం బడి గేటు దగ్గర పీల్చిన గాలి తల్లికి గుర్తురాదు. చల్లని నీళ్ళు తాగాడనో, ఐస్‌క్రీము తిన్నాడనో అనుకుంటుంది. మసి సంగతి వేరు. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లయితే, డీజిల్ మసిలోని అతిసూక్ష్మ రేణువులు మైక్రానులో పదోవంతు కంటే చిన్నవి. గాలితిత్తులను దాటి రక్తంలో ప్రవేశించగల పరిమాణమది. ఆ రేణువుల మీద పుట్టకురుపులను కలిగించగల రసాయనాలు అంటుకుని ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సరు పరిశోధన సంస్థ 2012 జూన్‌లో డీజిల్ పొగను మానవులలో కేన్సరు కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు పొగ, ఆస్‌బెస్టాస్ ఉన్న వర్గమే అది.

ఇదంతా పుస్తకాలలో మాట కాదా అనే వారికి లండన్‌లో జరిగిన ఒక పరిశీలన చెబుతాను. ఉబ్బసం ఉన్న 60 మంది పెద్దలను ఒకరోజు ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో, వేరొకరోజు హైడ్ పార్కులో రెండేసి గంటలు నడిపించారు. ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో అప్పుడు తిరిగేవి డీజిల్ బస్సులు, డీజిల్ టాక్సీలే. అక్కడ నడిచిన రోజున వారి శ్వాసబలం పార్కులో నడిచిన రోజు కంటే ఎక్కువగా తగ్గింది. ఈ ఫలితాలు 2007లో ప్రచురితమయ్యాయి. గుండెపోటు వచ్చి కోలుకున్న 20 మంది పురుషుల మీద జరిగిన మరొక పరిశోధన కూడా ఆ సంవత్సరానిదే. పలుచన చేసిన డీజిల్ పొగను పీలుస్తూ వ్యాయామం చేసినపుడు, వారి గుండె కండరానికి రక్తం చాలడం లేదని ఈసీజీలోని మార్పులు చూపించాయి. ఇక పిల్లల మాట. దక్షిణ కాలిఫోర్నియాలో పదేళ్ళ వయసు పిల్లలను పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా గమనించారు. సూక్ష్మ రేణువులు అత్యధికంగా ఉన్న ఊరిలో 7.9 శాతం మందికి, అత్యల్పంగా ఉన్న ఊరిలో 1.6 శాతం మందికి శ్వాసబలం ఉండవలసిన దానిలో 80 శాతం లోపే ఉంది. ఎదిగే వయసులో ఎదగని ఊపిరితిత్తిని తరువాత ఏ మందూ పెంచలేదు.

లండన్ ఆగ్నేయ భాగంలో, సౌత్ సర్క్యులర్ అనే రద్దీ రహదారికి అతి సమీపంలో నివసించిన ఎల్లా అనే బాలిక తొమ్మిదేళ్ళ వయసులో, 2013 ఫిబ్రవరిలో, తీవ్రమైన ఉబ్బసంతో మరణించింది. అంతకు ముందు మూడేళ్ళలో పాతిక సార్లకు పైగా ఆమెను ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. మరణకారణంలో వాయుకాలుష్యం పాత్ర ఉన్నదని 2020 డిసెంబరులో మరణ విచారణాధికారి తీర్పు చెప్పారు. బ్రిటన్‌లో ఒక వ్యక్తి మరణకారణంగా వాయుకాలుష్యం నమోదు కావడం అదే మొదటిసారి. ఆ రహదారి మీద పోయిన కార్లలో చాలావాటిని ఎవరో ఒకరు తమ పిల్లల కోసమే కొని ఉంటారు.

"మా కారు ప్రభుత్వ పరీక్షలో నెగ్గింది కదా" అంటారు. ఏ పరీక్షలో నెగ్గింది? 2015 సెప్టెంబరులో ఫోక్స్‌వాగన్ బండారం అమెరికాలో బయటపడింది. కారు పరీక్షశాలలో ఉన్నదని కంప్యూటరు గుర్తుపట్టి అప్పుడు మాత్రమే పొగను అదుపు చేసేది. రోడ్డు మీదికి రాగానే నైట్రోజన్ ఆక్సైడులు అనుమతించిన హద్దుకు 40 రెట్ల దాకా వెలువడేవి. ప్రపంచమంతటా ఇటువంటివి సుమారు కోటి పది లక్షల కార్లు. మొదట బయటపడినవి రెండు లీటర్ల ఇంజన్లయితే, ఆ నవంబరులో మూడు లీటర్ల బలమైన ఇంజన్ల సంగతి కూడా తేలింది. అంతకు ముందు ఏడాది ఆ పరిశ్రమ సొమ్ముతో అమెరికాలోని ఒక ప్రయోగశాలలో పది కోతులను గాజు గదులలో కూర్చోబెట్టి, డీజిల్ పొగ పరిశుభ్రమని నిరూపించడానికి పీల్పించారు. పొగ వదిలిన కారు కూడా కంప్యూటరు మోసం ఉన్న కారే! కోతులను కూడా మోసగించిన పరిశ్రమ మాటను నమ్మి మన పిల్లలను కూర్చోబెట్టుకున్నాం.

కొత్తవి మెరుగే. యూరో 6 ప్రమాణం వచ్చాక, రోడ్డు మీదనే కొలిచే పద్ధతి 2017 నుండి మొదలయ్యాక, డీజిల్ కార్లు నిజంగానే బాగుపడ్డాయి. మసిని పట్టే వడపోత, నైట్రోజన్ ఆక్సైడులను విరగగొట్టే యూరియా ద్రావణం వాటిలో ఉంటాయి. మన కాలేయం తయారుచేసి మూత్రపిండాలు విసర్జించే యూరియా కారు పొగగొట్టానికి ఔషధం కావడం నాకు వినోదంగా ఉంటుంది. కాని ఈ రెండు ఏర్పాట్లకూ వేడి కావాలి. యూరియా చక్కగా పనిచేయాలంటే పొగగొట్టం దాదాపు 200 డిగ్రీలకు చేరాలి. వడపోతలో పేరుకున్న మసి కాలాలంటే 550 డిగ్రీలు దాటాలి, ఆ వేడి పావుగంటయినా నిలవాలి. మూడు కిలోమీటర్ల బడి ప్రయాణంలో పెద్ద ఇంజను వేడెక్కేలోగానే బడి వస్తుంది. అందుకే ఊరిలో మాత్రమే తిరిగే కార్ల వడపోతలు పూడుకుపోతాయి. పూడిన వడపోతకు బదులు కొత్తది వేయించడం ఖర్చని దానిని పెరికివేయించుకునేవారు పెరిగి, బ్రిటన్‌లో 2014 ఫిబ్రవరి నుండి వార్షిక తనిఖీలో అది ఉందో లేదో చూడవలసి వచ్చింది. మరికొన్ని కార్లలో, బయటి ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు తగ్గినా 33 డిగ్రీలు మించినా పొగ శుద్ధిని తగ్గించే ఏర్పాటు ఉండేది. ఐరోపా న్యాయస్థానం 2022 జూలైలో అది చట్టవిరుద్ధమని చెప్పింది. 15కూ 33కూ మధ్యనే ఉండే వాతావరణం ఏ దేశంలో ఉన్నదో ఆ ఇంజనీర్లే చెప్పాలి.

లండన్‌లో యూరో 6 కంటే పాత డీజిల్ కారు తిరిగితే రోజుకు పన్నెండున్నర పౌండ్లు కట్టాలి. 2023 ఆగస్టు నుండి ఇది నగరమంతటికీ వర్తిస్తున్నది. 2006 నాటి పెట్రోలు కారుకు సాధారణంగా ఈ రుసుము లేదు, 2013 నాటి ఖరీదయిన డీజిల్ ఎస్టేటుకు ఉంది. ఇది అన్యాయమని అక్కడి తెలుగు వైద్య మిత్రుడొకరు ఫోనులో నాతో వాదించారు. ఒక ట్యాంకుతో వెయ్యి కిలోమీటర్లు పోతుందట. నిజమే కావచ్చు. నెలలో అటువంటి ప్రయాణాలు ఎన్ని అని అడిగితే ఒకటి అన్నారు. మిగిలిన రోజులన్నీ బడి, ఆసుపత్రి, అంగడి. ఔషధానికి సూచన, నిషేధం రెండూ ఉంటాయని విద్యార్థులకు బోధించినవాడే ఆయన. నలుగురితో, సామానుతో నెలకు పలుమార్లు వందల కిలోమీటర్లు పోయేవారికి కొత్త ప్రమాణపు డీజిల్ సూచించదగినదే. ఇతరులకు అది అవసరం లేని బలమయిన మందు.

ఎస్టేట్ కారు మనకు రాలేదు కాని దాని ఇంజనూ, దాని సాకూ రెండూ వచ్చాయి. ఇక్కడ వాటి పేర్లు ఇన్నోవా, ఫార్చ్యూనర్, స్కార్పియో. రైతు పంపుసెట్టు కోసం, లారీ కిరాయి కోసం ప్రభుత్వం భరించిన డీజిల్ రాయితీని 2014 అక్టోబరు దాకా ఈ కార్లవారూ అనుభవించారు. రెండు లీటర్లు, ఆపై ఇంజన్లున్న డీజిల్ కార్ల నమోదును ఢిల్లీ ప్రాంతంలో సుప్రీంకోర్టు 2015 డిసెంబరులో ఆపినప్పుడు, ఒక దేశీయ సంస్థ 1.99 లీటర్ల ఇంజను తెచ్చింది. ఆ తగ్గిన చెంచాడుతో పిల్లల ఊపిరికి ఎంత మేలు కలిగిందో! 2016 ఆగస్టులో ఒక శాతం పర్యావరణ సుంకంతో ఆ నిషేధమూ పోయింది. మన దేశమంతటా బీఎస్ 6 ప్రమాణం 2020 ఏప్రిల్‌లో వచ్చింది. అంతకు ముందు అమ్ముడైన డీజిల్ కార్లలో అత్యధికానికి మసి వడపోతే లేదు. అవి నేటికీ మన వీధులలో తిరుగుతున్నాయి. కాలుష్య ధ్రువపత్రం ఉందని చూపిస్తారు. ఆ తనిఖీలో డీజిల్ బండి పొగ ఎంత నల్లగా ఉన్నదో మాత్రమే కొలుస్తారు. కంటికి కనబడని నైట్రోజన్ ఆక్సైడులను కొలవరు.

లారీలూ బస్సులూ వదలడం లేదా అన్న ప్రశ్న తప్పక వస్తుంది. వదులుతున్నాయి. అయితే బస్సు యాభైమందిని మోస్తుంది, లారీ బియ్యం మోస్తుంది, రెండున్నర లీటర్ల ఇంజను ఒక పిల్లవాడినీ ఒక పుస్తకాల సంచినీ మోస్తుంది. అదీ కాక లారీ బడి గేటు ముందు నిలబడదు.

అద్దాలు మూసుకుంటే మనం సురక్షితమన్నది మరొక భ్రమ. కారులోనికి గాలి వచ్చే ద్వారం ముందు కారు పొగగొట్టానికి ఎదురుగా ఉంటుంది. రద్దీలో పెక్కు కొలతలలో కారు లోపలి గాలి కాలిబాట మీది గాలికంటే చెడ్డదిగా తేలింది. శిశువు నిమిషానికి ముప్పై, నలభై సార్లు శ్వాసిస్తుంది. పెద్దవారు పన్నెండు నుండి పదహారు సార్లు. బరువుతో పోల్చితే ఆ గాలిలో పెద్ద వాటా వెనుక సీటుదే. నిలిచిన రద్దీలో లోపలి గాలినే తిప్పే మీట కొన్ని నిమిషాలు వేసుకోవచ్చు. ఎక్కువసేపు వేస్తే మన శ్వాసలోని బొగ్గుపులుసు వాయువు పేరుకుని నిద్రమత్తు వస్తుంది.

ఇప్పటికే కొన్నవారు బడి ముందు ఏసీ కోసం ఇంజను నడుపుతూ కూర్చోవడం ఈ సాయంత్రమే మానవచ్చు. కొనబోయేవారు, ముఖ్యంగా పాత బండి కొనేవారు, ఒక తెల్లని గుడ్డతో పొగగొట్టం లోపలి అంచును తుడిచి చూడండి. బీఎస్ 6 డీజిల్ కారులో వడపోత సక్రమంగా ఉంటే గుడ్డకు మసి దాదాపు అంటదు. నల్లగా అంటిందా, అమ్మేవాడు ఎంత ధర తగ్గించినా ఆ బండిని అక్కడే వదిలి రండి.