సీడీనా, మినీడిస్కా? మన బీరువాలోని 22 డిస్కుల లెక్క

మొన్న నెల కూటం అయ్యాక కాఫీ తాగుతుంటే ఒక కుర్రవాడు మా దగ్గరికొచ్చి అడిగాడు. "మామా, పాత సీడీ ప్లేయరు ఒకటి, మినీడిస్కు ప్లేయరు ఒకటి అమ్మకానికి వచ్చాయి. రెండూ చేత పట్టుకుని తిరిగేవే. ఏది కొనమంటారు?" ఇప్పటి పిల్లలకు పాత సామాను మీద మళ్లీ మోజు పుట్టింది, సంతోషమే. ఇంతలో పక్కనున్న కోశాధికారిగారు నవ్వుతూ, "మన బీరువాలో కూడా ఆ చిన్న డిస్కుల పెట్టె ఒకటి చోటు తినేస్తోంది, అదీ పట్టుకుపో" అన్నారు. ఆయన తమాషాకే అన్నారు గాని, మాకు కాఫీ దిగలేదు. అందుకే ఇంత పొడుగు రాస్తున్నాం. ఓపికగా చదవండి.

మేము అంటే రైల్వేలో గుమాస్తాలుగా చేసి రిటైరైన నలుగురం. 2001లో సంఘం మా చేతికి కొంత డబ్బిచ్చి, కోవిల్‌పట్టి, సాత్తూరు చుట్టూ ఉన్న మన ఊళ్లలో ముసలమ్మలు పాడే పాటలు పట్టుకు రమ్మంది. పెళ్లి పాటలు, జోల పాటలు, కలుపు తీసేటప్పటి పాటలు, చావింటి ఏడుపు పాటలు. అప్పుడు మా ముందున్నదీ ఈ కుర్రవాడి ప్రశ్నే.

మాలో ఇద్దరు సీడీ వైపు. సీడీ ఏ ఊళ్లో అయినా దొరుకుతుంది, ఎవరింట్లో అయినా మోగుతుంది, మినీడిస్కు పేరు విన్నవాడే లేడు అన్నారు. నిజమే. సోనీవాళ్లు 1992లో దాన్ని బజారులోకి తెచ్చినా మన దేశంలో ఆ డిస్కు మీద పాటలు అమ్మిన అంగడి మాకు ఒక్కటీ కనబడలేదు. ఖాళీ డిస్కులకే మద్రాసు బర్మా బజారులో తిరగాలి, లేకపోతే సింగపూరు నుంచి వచ్చేవాళ్లను బతిమాలాలి. కాని చేతి సీడీ ప్లేయరు పాడుతుంది గాని వినదు. దానికి మైకు తగిలించే రంధ్రం లేదు. సీడీ మీద రాయాలంటే కంప్యూటరు కావాలి. కరెంటు రోజుకు నాలుగుసార్లు పోయే ఊరికి కంప్యూటరును మోసుకెళ్లేదెవరు? క్యాసెట్టు రికార్డరు ఉందిగా అంటారేమో. అవ్వ గొంతు తగ్గించి జోల పాడితే క్యాసెట్టు బుస దాని మీద ఎక్కి కూర్చునేది.

మినీడిస్కు ఆరున్నర సెంటీమీటర్లు కూడా లేని బిళ్ల, ప్లాస్టిక్ డబ్బీలో బిగించి ఉంటుంది. లేజరు వేడి చేస్తే అయస్కాంతం గుర్తు వేస్తుంది. కావాలంటే చెరిపి మళ్లీ రాసుకోవచ్చు. 74 నిమిషాల డిస్కును మోనోలో పెడితే 148 నిమిషాలు పడుతుంది. ఒక్క గొంతుకు స్టీరియో ఎందుకు? సీడీలో ఉండే సమాచారంలో ఐదో వంతుతోనే పని జరుపుతుంది, చెవికి అందని శబ్దాలను వదిలేస్తుంది. చదివిన మేధావులు దీన్ని పెద్ద లోపంగా చెప్పేవాళ్లు. పళ్లు లేని ఎనభై ఏళ్ల అవ్వ పాటలో ఆ తేడా మాకు ఏనాడూ వినబడలేదు. పైగా ఆ ఐదో వంతు వల్లే ముందుగా చదివి జ్ఞాపకంలో పెట్టుకుంటుంది కాబట్టి, ప్యాసింజరు బండిలో ఒళ్లో పెట్టుకుని విన్నా పాట తెగదు. మా వాళ్లలో ఒకరి సీడీ ప్లేయరు ప్రతి పాయింట్ల దగ్గరా ఎగిరిపడేది.

అలా మినీడిస్కే కొన్నాం. బంధువు ఒకాయన సింగపూరు సిమ్‌లిమ్ స్క్వేర్‌లో కొని తెచ్చిచ్చారు. ఈరోజు అడిగినా, రికార్డు చేయడానికి అప్పట్లో అదే సరైన మిషను అంటాం.

దాని దుర్గుణాలూ చెప్పాలి. రికార్డింగు ఆపగానే అది డిస్కు మొదట్లో ఒక విషయసూచిక రాసుకుంటుంది. ఆ కొన్ని క్షణాలూ తాకకూడదు. ఒక ఊళ్లో తలంబ్రాల పాట గంటసేపు పాడించి, సూచిక రాయడం పూర్తికాక ముందే మాలో ఒకరు బ్యాటరీ పీకేశారు. డిస్కు ఖాళీ. మరుసటి వారం మళ్లీ వెళితే ఆ అవ్వ సగం పాడి, "మిగతాది ఇప్పుడు నోటికి రావడం లేదు నాయనా" అంది. ఆ సగమే మన దగ్గర ఉంది. ఇక పేర్లు రాద్దామంటే ఆ మిషనుకు ఇంగ్లీషు అక్షరాలు వచ్చు, జపాను అక్షరాలు వచ్చు. తెలుగు రాదు, తమిళం రాదు. ఒక్కో అక్షరం చక్రం తిప్పుతూ ఎక్కించాలి. మాకు విసుగొచ్చి "అవ్వ 1", "అవ్వ 2" అని పెట్టి ఊరుకున్నాం. అది మా సోమరితనం, ఒప్పుకుంటున్నాం.

"పాటలు నోటుపుస్తకంలో రాసుకున్నారుగా, డిస్కు ఎందుకు?" అని కొందరు అడుగుతున్నారు. రాశాం. ఏ అక్షరాల్లో రాశాం? మేమంతా తమిళ బడిలో చదివినవాళ్లం. తెలుగు అక్షరాలు మేము నేర్చుకున్నది నలభై దాటాక, సంఘం క్లాసులో. అప్పటిదాకా ఇంటి భాషను తమిళ లిపిలోనే పెట్టాం. ఆ లిపిలో గాలి అన్నా కాలి అన్నా ఒకటే రాత. బావ అన్నా పావ అన్నా ఒకటే. తమిళానికి అది చాలు, దాని చదువు పద్ధతి దానికుంది, తప్పు పట్టడం లేదు. మన పాటకు మాత్రం చాలదు. ఆ పుస్తకం తీసి చదివితే కొన్ని చోట్ల అవ్వ ఏ మాట అన్నదో రాసిన మాకే అర్థం కావడం లేదు. మనవాళ్లు దక్షిణానికి వచ్చిన కథను కి.రాజనారాయణన్‌గారు "గోపల్ల గ్రామం"లో తమిళంలో రాసి నిలిపారు. పాటలకు అటువంటి పుస్తకం లేదు, ఉన్నది ఆ 22 డిస్కులే. పాడినవాళ్లలో మాకు తెలిసినంతవరకు ఇద్దరే మిగిలారు.

2004లో ఆరు డిస్కులను సీడీలకు ఎక్కించాం. సీడీ అంటే శాశ్వతం అనుకున్నాం. రాసుకునే సీడీలో ఉండేది రంగు పూత. ఎండకూ వేడికీ అది చెడుతుంది. రేకుల కప్పు కింద పెట్టిన ఆ ఆరింటిలో రెండు ఇప్పుడు ఏ మిషనులోనూ తిరగడం లేదు. వాటి అసలు మినీడిస్కులు మాత్రం ఈనాటికీ పాడుతున్నాయి. అలాగని మినీడిస్కును నమ్ముకుని కూర్చోవడానికీ లేదు. సోనీ 2011లో మినీడిస్కు వాక్‌మన్ ఆపేసింది, 2025 ఫిబ్రవరిలో ఖాళీ డిస్కుల తయారీ కూడా ఆపింది. మన మిషను మూత బిగుసుకుపోతోంది, ఒక రబ్బరు బ్యాండుతో నెట్టుకొస్తున్నాం. డిస్కు బాగుండి మిషను పోతే ఆ బిళ్ల దేనికి పనికొస్తుంది?

ఇప్పుడు కుర్రవాడికి జవాబు. నాయనా, నువ్వు వినడానికే అయితే సీడీ ప్లేయరు కొను. డిస్కులు చవగ్గా దొరుకుతాయి, సినిమా పాటలున్నాయి, కచేరీలున్నాయి. కొనేముందు బ్యాటరీ గది తెరిచి పచ్చటి చిలుము ఉందేమో చూడు, ఒక ఇంట్లో రాసిన సీడీని కూడా పెట్టి పాడించి చూడు. మంచి సీడీ పాడి, రాసిన సీడీ తడబడితే లెన్సు అలిసిపోయిందనే లెక్క. మినీడిస్కు నీకు వద్దు. సంఘానికి కావాలి. అమ్మేవాడి దగ్గర అది నిజంగా నడిచే స్థితిలో ఉంటే సంఘం డబ్బుతో కొని రమ్మంటున్నాం, వచ్చే కూటంలో ఈ ఖర్చు మేమే ప్రతిపాదిస్తాం. 2006లో వచ్చిన ఎంజెడ్-ఆర్‌హెచ్1 అనే రకమైతే పాత రికార్డింగులను నేరుగా ఫైళ్లుగా కంప్యూటరులోకి దించుతుంది. కాని దాని ధర వింటే కోశాధికారిగారు మమ్మల్ని గుమ్మం ఎక్కనివ్వరు.

అది లేకపోయినా పని ఆగదు. ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటరుకు ఒక తీగ, ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాము చాలు. అడ్డదారి మాత్రం లేదు, పాట ఎంతసేపో పని అంతసేపు. గుమాస్తాలం కాబట్టి లెక్క వేశాం. మోనో డిస్కులు 14, ఒక్కొక్కటి 148 నిమిషాలు. స్టీరియోవి 8, ఒక్కొక్కటి 74. మొత్తం 2,664 నిమిషాలు, అంటే 44 గంటల పైచిలుకు. ఆదివారానికి మూడు గంటల చొప్పున 15 ఆదివారాలు. అయిన ఫైళ్లు మూడు చోట్ల పెడదాం: ఒకటి సంఘంలో, ఒకటి ఎవరింట్లోనైనా, ఒకటి ఊరికి దూరంగా. ఫోనులో ఉంటే చాలదా అన్నవాళ్లు, మూడేళ్ల కిందటి ఫోనులోని పెళ్లి ఫోటోలు ఇప్పుడు తీసి చూపించాలి.

వచ్చే ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకు సంఘం గదిలో మొదలుపెడుతున్నాం. యంత్రం సంగతి మేము చూసుకుంటాం. మాకు కావలసింది పెద్దవాళ్ల చెవులు. "అవ్వ 7" అని రాసిన డిస్కులో ఒకామె జోల పాడుతుంది, మధ్యలో ఆగి "ఒరే, పాలు పొంగుతున్నాయి చూడు" అని ఎవరినో కేకేస్తుంది. ఆమె ఎవరో, ఏ ఊరో మా నలుగురిలో ఎవరికీ గుర్తు లేదు. సాత్తూరు వైపు అత్తలు, పెద్దమ్మలు ఎవరైనా వస్తే ముందు ఆ డిస్కే పెడతాం.