దస్తావేజు రాసేవాడు ఎవరి మనిషి?

స్త్రీల ఆస్తి హక్కు గురించి ఈ పత్రికలో చాలాసార్లు రాసుకున్నాం. చట్టం ఏమిచ్చింది, ఏ సవరణతో ఏం మారింది, కోర్టు ఏమన్నది అని సభల్లోనూ శిక్షణ తరగతుల్లోనూ చెప్పుకుంటూనే ఉన్నాం. కానీ సలహా కోసం మా దగ్గరకు వచ్చే ఆడవాళ్ళ కాగితాలు చూస్తుంటే నాకొకటి స్పష్టమవుతున్నది. వీళ్ళలో చాలామంది హక్కు పోయింది కోర్టులో కాదు. రిజిస్ట్రారాఫీసు ఎదుట దస్తావేజు రైటరు బల్ల దగ్గర, పక్కనున్న జిరాక్సు కొట్లో పోయింది. పది నిమిషాల పని. ఆ పది నిమిషాలూ ఆమె తరఫు మనిషి ఒక్కరూ అక్కడ లేరు.

అందుకని ఈసారి, ఇల్లు కొనేటప్పుడూ అమ్మేటప్పుడూ పంచుకునేటప్పుడూ కాగితం రాసే మనిషిని ఎలా ఎంచుకోవాలన్న విషయం రాస్తున్నాను. ఇది సంపాదకీయానికి తగిన విషయమా అని మా వాళ్ళలోనే ఒకరడిగారు. తగినదేనని నా అభిప్రాయం.

ఇల్లు చేతులు మారేటప్పుడు లాయరు ఉండి తీరాలని మన చట్టం ఎక్కడా చెప్పలేదు. దస్తావేజు ఎవరైనా రాయవచ్చు. ఇంగ్లండులో అమ్మేవారికీ కొనేవారికీ మామూలుగా వేర్వేరు సొలిసిటర్లు ఉంటారు; ఎవరి ప్రయోజనం వారి సొలిసిటరు చూస్తాడు. మన ఊళ్ళలో ఒకే రైటరు రెండు వైపులకూ కలిపి రాస్తాడు. డబ్బు కొనేవాడిస్తాడు. రైటరును తెచ్చేది బ్రోకరో, అన్నగారో, బావగారో. సంతకం పెట్టాల్సిన ఆడమనిషి అతన్ని చూసేది ఆ రోజే. అతను చెడ్డవాడు కానక్కరలేదు. తనను పిలిచిన వాళ్ళ పని చేస్తున్నాడు, అంతే.

క్రితం ఏడాది ఒక చెల్లెలు మా దగ్గరకు వచ్చింది. తండ్రి వీలునామా రాయకుండా పోయాడు. అన్నదమ్ములిద్దరూ ఇల్లు బేరం పెట్టారు. ఆడపిల్లల సంతకాలు కూడా ఉంటేనే కొంటానని అవతలివాడు పట్టుబట్టాడు. అన్న ఫోను చేసి “ఊరికే సంతకమే, ఫార్మాలిటీ” అన్నాడట. బస్సెక్కి వెళ్ళింది. ఇందులో ఏం రాశారని రైటరును అడిగింది కూడా. “మీ అన్నయ్యగారే అన్నీ చూసుకున్నారమ్మా, మీరిక్కడ సంతకం పెట్టండి” అన్నాడు. ఆ కాగితం హక్కు విడుదల దస్తావేజు. “నా వాటాకు రావలసిన సొమ్ము యావత్తూ నాకు ముట్టినందున” అన్న వాక్యం మూడో పేజీలో ఉంది. ఆమెకు ముట్టింది ఒక చీరా, ఇరవై వేలూ.

ఆ కొన్నవాడు ఆమె సంతకం కోసం ఎందుకు పట్టుబట్టాడో మనకు తెలియాలి. తండ్రి స్వార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా 1956 హిందూ వారసత్వ చట్టంతోనే వచ్చింది. అయితే కుటుంబం ఉంటున్న ఇంటి విషయంలో ఆ చట్టంలోనే 23వ సెక్షను అడ్డుపడేది. మగ వారసులు పంచుకుందామనుకునే దాకా ఆడపిల్ల ఇంట్లో వాటా విడదీయమని అడగడానికి లేదు. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు సమాన హక్కును ఆంధ్రప్రదేశ్ మిగతా దేశం కంటే ముందే ఇచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైన ఆ సవరణ అప్పటికే పెళ్ళయిన కూతుళ్ళను మాత్రం వదిలేసింది. 2005లో కేంద్రం చేసిన సవరణ పెళ్ళయినా కాకపోయినా కూతుళ్ళందరికీ ఆ హక్కునిచ్చి, 23వ సెక్షనును తీసేసింది. సవరణ నాటికి తండ్రి బతికి ఉండాలా అన్న వివాదాన్ని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో తేల్చింది. ఉండనక్కరలేదన్నది. ఎప్పుడో నోటిమాటగా పంచుకున్నామనే వాదాన్ని కూడా తేలిగ్గా ఒప్పుకోకూడదన్నది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలను, అమ్మకాలను మాత్రం సవరణ కదిలించదు.

ఇంత జరిగాక, కూతుళ్ళ సంతకం లేని ఇల్లు కొనడానికి ఏ లాయరూ తన కక్షిదారుకు సలహా ఇవ్వడు. కొనేవాడి లాయరు అతన్ని కాపాడుకున్నాడు. అన్నలు డబ్బు తీసుకున్నారు. ఎవరి సంతకం లేనిదే ఆ బేరం కుదరదో ఆమెకే సలహా చెప్పే దిక్కు లేదు. నాకు కోపం తెప్పించేది ఇదే. (ఇక్కడ చెప్పింది హిందూ కుటుంబాల సంగతి. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలలో వాటాల లెక్కలు వేరు. సంతకం తంతు మాత్రం అన్నిచోట్లా ఒకటే.)

సరే, ఎవరి దగ్గరకు వెళ్ళాలి? స్థానికంగా పనిచేసే లాయరు వైపే నేను మొగ్గుతాను. ఇల్లు ఏ సబ్ రిజిస్ట్రారు పరిధిలో ఉందో ఆ ఊరి మనిషికి కాగితంలో కనపడని సంగతులు తెలుస్తాయి. ఏ లేఅవుటుకు అనుమతి లేదు, ఏ వీధి అసైన్డు భూమిలో పడింది, ఏ సర్వే నంబరు దేవాదాయ శాఖదని, వక్ఫు బోర్డుదని 22-ఎ నిషేధిత జాబితాలో ఉంది, ఇవన్నీ అతనికో ఆమెకో నోటికి వచ్చి ఉంటాయి. అసైన్డు భూముల అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. తర్వాత రెండు రాష్ట్రాలూ సవరణలు చేశాయి గనుక ఫలానా స్థలానికి ఏది వర్తిస్తుందో చూసి చెప్పేవారు కావాలి. ఈసీ 1983 నుంచి కంప్యూటరులో దొరుకుతుంది గానీ, రిజిస్టరు కాని ఒప్పందాలు, కోర్టులో నడుస్తున్న దావాలు అందులో కనపడవని అందరికీ తెలియదు. లింకు డాక్యుమెంట్లు ముందువెనకలుగా చదివి, మధ్యలో ఏ వారసురాలి సంతకం లేదో పట్టుకోవడం అనుభవంతో వచ్చే పని.

కానీ ఆ స్థానిక పరిచయమే ఆడవాళ్ళ విషయంలో ఎదురుతిరుగుతుంది. ఊళ్ళో లాయరు అన్నగారితో చదువుకున్నవాడై ఉంటాడు, మామగారి కులపెద్దకు చుట్టమై ఉంటాడు. “ఇంటి పరువు బజారున పడేస్తావా అమ్మా” అని నచ్చజెప్పేది తరచుగా ఇలాంటివారే. అలాంటప్పుడు పక్క ఊరి కోర్టులోనో జిల్లా కేంద్రంలోనో ఉన్నవారిని చూసుకోవడం మేలు, అరపూట ప్రయాణమైనా సరే.

అడగాల్సిన మొదటి ప్రశ్న ఫీజు గురించి కాదు. “ఈ వ్యవహారంలో అవతలివాళ్ళకు మీరేమన్నా పని చేస్తున్నారా?” అన్నది. ఒక పక్షానికి పనిచేసిన న్యాయవాది అదే వ్యవహారంలో ఎదుటి పక్షానికి పనిచేయకూడదని బార్ కౌన్సిల్ నియమాలు చెబుతున్నాయి. దావా గెలిస్తే వచ్చేదాంట్లో వాటా ఇమ్మని అడగడం కూడా ఆ నియమాలకు విరుద్ధం. స్టాంపు డ్యూటీ ఎంత, రిజిస్ట్రేషను ఫీజు ఎంత, తన ఫీజు ఎంత అని విడివిడిగా కాగితం మీద రాసివ్వమనండి. “అన్నీ కలిపి ఇంత” అనేవారి దగ్గర ఆగి ఆలోచించండి. ముసాయిదా తెలుగులో కావాలనండి. హైదరాబాదు చుట్టుపక్కల పేజీలకు పేజీలు ఇంగ్లీషులో టైపు చేయిస్తున్నారు. తెలుగు దస్తావేజుకు చట్టంలో ఏ అడ్డూ లేదు. దాన్ని ముందురోజే ఇంటికి తెచ్చుకుని, చదువురానివాళ్ళయితే నమ్మకమైనవాళ్ళ చేత రెండుసార్లు చదివించుకోవాలి.

బస్తీల్లో పాచిపని చేసుకుని కూడబెట్టి అరవై గజాలు కొనుక్కునే ఆడవాళ్ళ సంగతి ఇంకా దారుణం. వాళ్ళ చేతిలో ఉండేది నోటరీ కాగితం, లేకపోతే జీపీఏ. నోటరీ ముద్ర రిజిస్ట్రేషను కాదు. జీపీఏ మీదా, అగ్రిమెంటు మీదా ఇంటి హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ లాంప్ కేసులో తేల్చిచెప్పింది. అయినా ఆ కాగితాలు రాయడం ఆగలేదు. రాసేవారికి ఫీజు వస్తుంది, కొన్నామెకు ఇల్లు రాదు. ఇంకోవైపు భార్య పేరున ఇల్లు కొని, అదే రోజున ఆమెచేత భర్తకు జీపీఏ రాయించుకునే ఇళ్ళున్నాయి. అందులో అమ్మే అధికారం, తాకట్టు పెట్టే అధికారం రాశారేమో చూడకుండా సంతకం చేస్తే పేరు మాత్రమే ఆమెది.

రిజిస్ట్రారు ముందు కూర్చున్నప్పుడు ఆయన అడిగేది ప్రధానంగా ఒక్కటే. ఈ దస్తావేజు మీరు రాసిచ్చినట్టు ఒప్పుకుంటున్నారా అని. అందులో న్యాయం ఉందా లేదా అన్నది ఆయన విచారించడు. ఇప్పుడు ఫొటో తీస్తారు, వేలిముద్రలు తీసుకుంటారు. దీనివల్ల మారుమనిషిని కూర్చోబెట్టడం తగ్గింది గానీ, తెలియకుండా సంతకం పెట్టడం తగ్గలేదు. ఆ ప్రశ్నకు “ఒప్పుకోవడం లేదు” అని చెబితే ఆమె మేరకు రిజిస్ట్రేషను నిలిపివేయాలని 1908 రిజిస్ట్రేషను చట్టం 35వ సెక్షను చెబుతున్నది. అన్న పక్కనే నిలబడి ఉండగా ఆ మాట అనడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే ఆమె వెంట ఒకరు వెళ్ళాలంటున్నాను. సాక్షుల్లో ఒకరు ఆమె మనిషై ఉండాలి. సొమ్ము ముట్టిందని రాసేట్లయితే అది డీడీగానో బ్యాంకు ఖాతాలోనో ముందే పడాలి, ఆ వివరం దస్తావేజులో ఎక్కాలి. ముట్టిందని ఒకసారి రాసిచ్చాక, ముట్టలేదని రుజువు చేసే బరువు ఆమె మీదే పడుతుంది. మోసం జరిగిందని తెలిసిన నాటి నుంచి మూడేళ్ళలో దస్తావేజు రద్దుకు దావా వేయాలి.

లాయరు ఫీజు ఎక్కడినుంచి తేవాలని అడుగుతారు. 1987 న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షను ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే అర్హత ఉంది. కేసు నడపడమే కాదు, న్యాయ విషయాల్లో సలహా ఇవ్వడం కూడా ఆ సహాయంలోకే వస్తుంది. కేసయ్యాకే అక్కడికి వెళ్ళాలన్న అభిప్రాయం మన కార్యకర్తల్లో కూడా బలంగా ఉంది. సంతకానికి ముందు ముసాయిదా పట్టుకుని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళి, దీన్ని చదివి చెప్పే న్యాయవాదిని ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. దరఖాస్తు నకలు మీద తేదీ, ముద్ర వేయించుకోండి.

మొదట చెప్పిన చెల్లెలు ఇప్పుడు మూడేళ్ళ గడువు లోపలే ఉంది. కొన్నవాడి డబ్బు ఏ ఖాతాలో ఎప్పుడు పడిందో చూపే బ్యాంకు కాగితాల కోసం, దస్తావేజు నకలు కోసం తిరుగుతున్నాం. నకలు అడగడానికి అన్న అనుమతి అక్కరలేదు. ఇల్లూ స్థలాల దస్తావేజులు ఎక్కే ఒకటో నంబరు పుస్తకం నుంచి ఎవరైనా ఫీజు కట్టి నకలు తీసుకోవచ్చు.